బండలు నేనే పరుస్తానన్నాను

నాకు కోపం వస్తే పని మొదలుపెడతాను. కొందరు కోపమొస్తే అన్నం మానేస్తారు, కొందరు మాట్లాడటం మానేస్తారు. నేను మాత్రం చేతికి దొరికిన పానా అందుకుంటాను. పొలంలో మోటారు స్టార్టరు కాలిపోయినప్పుడు ఎన్నిసార్లు పిలిచినా మెకానిక్ రాలేదని నేనే విప్పి బాగుచేశాను. ఇప్పటికీ పనిచేస్తోంది. హాల్లో ఫ్యానూ అలాగే బాగుచేశాను. అది మాత్రం కొన్నాళ్ళపాటు గాలిని మా మీదకు కాకుండా పైకప్పు మీదకు విసిరింది. ఆ ఫ్యాను సంగతి మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పింది. స్టార్టరు సంగతి ఎవరికీ చెప్పలేదు.

అందుకే మొన్న ఎండాకాలంలో, తాపీ మేస్త్రీ "రేపొస్తా" అనడం వినీ వినీ విసుగెత్తి, వసారా గోడకు ఆనించిన గ్రానైట్ బండల ముందు నిలబడి ఇక వీటిని నేనే పరుస్తానని ప్రకటించినప్పుడు, మా ఆవిడ తల తిప్పి గుమ్మంలోంచి హాల్లో ఫ్యాను వైపు చూసింది. పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది, దెబ్బలాడుకుని ఊరుకునేవాణ్ణి. అనకపోయేసరికి పౌరుషం ఇంకాస్త పెరిగింది.

అసలు ఆ బండలు మా ఇంటికి ఎందుకొచ్చాయో చెప్పాలి. మాది నల్లరేగడి నేల. మిరపకూ పత్తికీ అంతకంటే మంచి నేల లేదు, ఇల్లు కట్టుకోవడానికి అంతకంటే చెడ్డ నేల లేదు. వానాకాలం తాగిన నీళ్ళకి ఉబ్బుతుంది. ఎండాకాలం ఎండిపోయి, చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది. దాని మీద మా నాన్న పోయించిన సిమెంటు గచ్చు ఇన్నేళ్ళలో దానితో పాటే లేచి, దానితో పాటే కుంగింది. హాలు నడుమ వీపు ఎత్తుకుని ఉంటుంది, వంటింటి గుమ్మం దగ్గర గుంట పడి ఉంటుంది, అడ్డదిడ్డంగా పగుళ్ళు. మాకు అలవాటైపోయి కాళ్ళే చూసుకుని నడిచేవి. కొత్తగా వచ్చినవాళ్ళు తట్టుకునేవాళ్ళు. వాళ్ళు తట్టుకున్నప్పుడు మాకు నవ్వొచ్చేది కూడా.

ఆ నవ్వు కిందటి కోతలతో పోయింది. కల్లంలో మిరపకాయలు ఎండబోశాం. మంచు పడకుండా రాత్రిళ్ళు పట్టాలు కప్పుతాం. తెల్లవారేసరికి ఆ పట్టాలు తడితడిగా, జారుడుగా ఉంటాయి. ఎండెక్కేదాకా ఎవరినీ వాటి మీద అడుగు పెట్టనివ్వం. ఆ మాట నాకు చెప్పి పెంచిన మా అమ్మే, కూలీలు రాకముందే రంగు పోయిన తాలుకాయలు నాలుగు ఏరేద్దామని పొద్దున్నే వెళ్ళి ఆ పట్టా మీద కాలేసింది. తుంటి ఎముక విరిగింది.

గుంటూరులో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. కాలు బాగానే అతుక్కుంది. డాక్టరు మాత్రం ఇంటికి పంపేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, నా పని అయిపోయింది, ఇక నడిపించడం మీ పని అన్నాడు. రోజూ నడవాలి, నడవకుండా మంచం మీదే ఉంటే కీలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత మళ్ళీ నా దగ్గరకు తీసుకొచ్చినా లాభం ఉండదు అన్నాడు. నేను తలూపి వచ్చాను. అమ్మను నడిపించడం పెద్ద పనేమిటి, అమ్మను కూర్చోబెట్టడమే మాకెప్పుడూ కష్టమైన పని అనుకున్నాను.

ఇంటికొచ్చాక తెలిసింది. వాకర్ పట్టుకుని రెండోరోజు హాల్లోకి వచ్చిందో లేదో, వాకర్ కాలు ఒక పగులులో ఇరుక్కుంది. ముందుకు తూలింది. మా ఆవిడ పక్కనే ఉండి నడుం పట్టుకుంది కాబట్టి సరిపోయింది. దెబ్బ ఏమీ తగల్లేదు. కానీ ఆ రోజు అమ్మ మొహంలో చూసిన భయం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. పాము కనపడితే కర్ర పట్టుకుని ముందు తనే వెళ్ళే మనిషి. ఆ తర్వాత ఇక మంచం దిగనంది. బాత్రూముకి మాత్రం నా భుజం మీదో చెయ్యి, మా ఆవిడ భుజం మీదో చెయ్యి వేసి, కళ్ళు నేల మీంచి ఎత్తకుండా వెళ్ళొచ్చేది. ఈ గచ్చు నన్ను మళ్ళీ పడేస్తుంది అనేది. ఎవరో పగబట్టిన మనిషిని గురించి చెప్పినట్టు చెప్పేది.

కాబట్టి గచ్చు మార్చాలి. వానలు పడి రేగడి ఉబ్బకముందే మార్చాలి, కాలు బిగుసుకోకముందే మార్చాలి. మా బావమరిది చీమకుర్తిలో లారీ తిప్పుతాడు, గ్రానైట్ గురించి వాడికి తెలియని సంగతి లేదని వాడి నమ్మకం. అతుకులు ఎన్ని తక్కువ ఉంటే వాకర్ తగలడం అంత తక్కువ కాబట్టి పెద్ద బండలే వెయ్యాలని వాడన్నాడు. నిజమే అనిపించింది. అద్దంలా మెరిసేవి వద్దు, చేత్తో తడిమితే కాస్త గరగరలాడేవి కావాలన్నాను. లెదర్ ఫినిష్ అంటారు బావా, కాలు జారమన్నా జారదు అన్నాడు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న నల్ల బండలు లారీలో తెచ్చి వసారాలో గోడకు చేరేసి పోయాడు.

బండలొచ్చాయి, మేస్త్రీ రాలేదు. మా చుట్టుపక్కల ఊళ్ళ మేస్త్రీలంతా పెద్ద పెద్ద పనుల మీద అమరావతి వైపు వెళ్ళిపోయారు. మిగిలిన ఒక్కడికీ ఊరంతా గిరాకీయే. పొద్దున ఫోను చేస్తే సాయంత్రం వస్తానంటాడు, సాయంత్రం చేస్తే పొద్దున వస్తానంటాడు. ఒకసారి నేను వాళ్ళింటికే వెళితే, మీ దగ్గరకే బయల్దేరుతున్నా బాబాయ్ అని బండి స్టార్ట్ చేసి, నా కళ్ళ ముందే ఇంకో వీధిలోకి తిప్పుకుపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో అమ్మ మంచం మీద కూర్చుని పగలంతా కాళ్ళు ఒత్తుకుంటోంది. నేను ఊరి మీద పడి ఒక మనిషిని బతిమాలుతున్నాను.

అప్పుడు పట్టుకున్నాను ఫోను. అందులో ఒకాయన ఉన్నాడు. ఏ దేశమో తెలియదు, ఏ భాషో అర్థం కాదు, చేతులు మాత్రం అర్థమయ్యేవి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక్కడే, మా బండలంత బండల్ని, నొక్కితే అంటుకునే రబ్బరు పిడులతో పట్టుకుని లేపి, ఈలేస్తూ పరిచేస్తున్నాడు. పని అయ్యాక కూడా చొక్కా నలగలేదు. భోజనం చేస్తూ చూశాను, మోటారు దగ్గర కూర్చుని చూశాను. చూసినకొద్దీ ఆ పని నాకు వచ్చేసినట్టే ఉండేది. టీ కొట్టు దగ్గర నోరు జారి, మా ఇంట్లో బండలు నేనే పరుస్తున్నాను అని చెప్పాను. సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

మా ఆవిడ అప్పుడు నోరు తెరిచింది. నడుం నొప్పి అని పోయిన నెలే ఇంజెక్షన్ చేయించుకున్నారు, ఆ బండ ఎత్తుతూ మీరూ పడితే ఇద్దర్నీ నేనొక్కదాన్నే మోయాలా అంది. నేను యూరియా కట్టలు ఎత్తడం లేదా అన్నాను. ఒక బండ బరువు ఇంచుమించు యూరియా కట్టంతే. కానీ కట్టను భుజం మీంచి దబ్బున పడేయొచ్చు. బండను అలా పడేయకూడదు, వంగి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా దించాలి. నడుం పోయేది ఎత్తేటప్పుడు కాదు, దించేటప్పుడు. ఇది నాకు తర్వాత తెలిసింది.

ముందు ఇంటి వెనక వసారాలో వేసి చూద్దామనుకున్నాను, అంట్లు తోమే చోటు పక్కన. అక్కడ పాడైనా ఎవరూ చూడరు. పాత సిమెంటు పగలగొట్టాను. రేగడి తవ్వి తీసేసి, దాని చోట ట్రాక్టరుతో ఎర్ర గ్రావెల్ తెప్పించి పోసి, నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టాను. ఆ పని నాకు బాగా కుదిరింది. నేలను గుద్దే పని కాబట్టి కోపం కూడా కాస్త తగ్గింది. సిమెంటూ ఇసకా కలిపాను. మా బావమరిది రబ్బరు పిడులు తెచ్చిచ్చాడు. చిలకలూరిపేటలో రసమట్టం కొనుక్కొచ్చాను. గాజు గొట్టంలో బుడగ సరిగ్గా నడిమికి వస్తే బండ మట్టంగా ఉన్నట్టు లెక్క.

పిడి బండకు నొక్కి ఎత్తాను. బండ ఒక జానెడు లేచింది, పిడి ఊడొచ్చింది, బండ నా వేలి మీద దిగింది. గరుకు బండకు ఆ రబ్బరు అంటుకోదట. నున్నటి వాటికే అంటుకుంటుందట. మా బావమరిదికి గ్రానైట్ గురించి తెలియనిది అదొక్కటే కాబోలు. ఆ తర్వాత పిడులు పక్కన పడేసి ఇద్దరం చేతులతోనే పట్టుకుని, ఒకరినొకరు విసుక్కుంటూ, నాలుగు బండలు వేశాం. ఒక్కో బండ మీద రసమట్టం నిలువునా అడ్డంగా పెట్టి, రబ్బరు సుత్తితో తట్టి, బుడగ వెంట్రుక వాసి అటూ ఇటూ కాకుండా చూశాను. నడుం విరిగినంత పనైంది. కానీ ఆ బుడగ నడిమిన నిలబడితే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఊళ్ళో ఏ మేస్త్రీ వేసిన గచ్చూ ఇంత మట్టంగా ఉండదని మా బావమరిది అన్నాడు. వాడు ఆకలి మీద ఉన్నాడు, అయినా నమ్మాను.

ఆరాక మా ఆవిడను పిలిచి చూపించాను. ఆవిడ అటూ ఇటూ నడిచి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి బకెట్టుతో నీళ్ళు తెచ్చి బండల మీద పోసింది. నీళ్ళు నాలుగు బండల మీదా పరుచుకున్నాయి. అంతే, అక్కడే ఆగిపోయాయి. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. నా మొహం నాకు కనపడేంత నిలకడగా ఉన్నాయి.

"మట్టం బాగానే కుదిరిందండీ," అంది. "వాటమేది మరి?"

వాటం. ఆ మాట నాకు తెలియక కాదు. డాబా మీద వాన నీళ్ళు పోవడానికి వాటం ఇస్తాం, పొలంలో కాలవకు వాటం చూస్తాం. కడిగిన నీళ్ళు వాటంతట అవే గుమ్మం దాటి పోయేలా గచ్చును కంటికి తెలియనంతగా వాలుగా వేస్తారు. ఫోన్లో ఆయన వాటం ఇవ్వలేదు. ఎందుకిస్తాడు? వాళ్ళు ఇల్లు తుడుచుకునే మనుషులు. మనం కడుక్కునే మనుషులం. శుక్రవారం వస్తే బకెట్లకు బకెట్లు కుమ్మరించి చీపురుతో తోసేస్తే తప్ప మన ఆడవాళ్ళకు ఇల్లు ఇల్లులా ఉండదు. నేను పుట్టినప్పట్నుంచీ ఆ నీళ్ళ మీద గెంతుతూ పెరిగాను, అవి ఎటు పోయేవో ఒక్కనాడూ చూడలేదు. ఆ బుడగ పిచ్చిలో పడి, నీళ్ళు నిలబడే గచ్చు తయారుచేశాను. నీళ్ళు నిలబడితే ఎవరికి ముప్పో నాకు వేరే చెప్పక్కర్లేదు.

సరే, హాలుకు వాటం ఇద్దాం అన్నాను. ఎటు ఇవ్వాలి? మా బావమరిది క్షణం ఆలోచించకుండా ఈశాన్యానికి అన్నాడు. ఇంట్లో నీళ్ళు ఈశాన్యానికి పోతేనే కలిసొస్తుందట. మా ఇంటికి ఈశాన్యాన ఉన్నది అమ్మ గది. అక్కడ తూము లేదు, గుమ్మం లేదు, అమ్మ మంచమే ఉంది. మా ఆవిడ వెనక గుమ్మం వైపు ఇవ్వాలంది. అది నైరుతి, ఇంట్లో డబ్బు నిలవదు అన్నాడు వాడు. ఇప్పుడు నిలుస్తోందా అంది ఆవిడ. నేను ఇద్దర్నీ ఊరుకోమని, వీధి గుమ్మం వైపు ఇస్తానన్నాను. ఎంత ఇవ్వాలి అని ఆవిడ అడిగితే చెప్పలేకపోయాను. ఎక్కువిస్తే వాకర్ తనంతట తను జారుతుంది, తక్కువిస్తే నీళ్ళు నిలుస్తాయి. రసమట్టంలో బుడగ నడిమికి వస్తే సరి అని తెలుసు. నడిమికి రాకుండా ఎక్కడ ఉండాలో ఫోన్లో ఆయన చెప్పలేదు.

అంతకంటే పాడు సంగతి ఇంకొకటి ఉంది, దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు ఎత్తిపోసేశాక వంగి బండల అతుకు మీద వేలు రాశాను. ఒకచోట గోరు తగిలింది. ఒక బండ పక్కదాని కంటే గోరు మందాన ఎత్తుగా ఉంది. కంటికి కనపడదు, రసమట్టానికి దొరకలేదు. మామూలు మనిషి జీవితాంతం దాని మీద నడిచినా తెలియదు. కానీ కాలు పైకెత్తలేక ఈడ్చుకుంటూ నడిచే మనిషి బొటనవేలికి తెలుస్తుంది. వసారాలో నాలుగు బండలకే ఇలా ఉంటే, హాలంతా పరిస్తే ఇలాంటివి ఇంకెన్ని ఉంటాయి? నాకు భయం వేసింది. పనిలో నాకెప్పుడూ భయం వేయలేదు, కరెంటు షాకు కొట్టిన రోజున కూడా.

ఇక్కడితో వదిలేయొచ్చు కదా అని మీరనుకోవచ్చు. వదిలేస్తే టీ కొట్టు దగ్గర ఏం చెప్పాలి? పైగా వదిలేసినా మేస్త్రీ వస్తాడన్న నమ్మకం లేదు. అటు మబ్బులు కమ్ముతున్నాయి, ఇటు అమ్మ కాలు రోజురోజుకీ బిగుస్తోంది. మోకాలు వంచమంటే అబ్బా అంటోంది. అందుకని మొహం గంభీరంగా పెట్టుకుని, రేపట్నుంచి హాలు మొదలుపెడుతున్నాను అని ఇంట్లో చెప్పేశాను. చెప్పాక అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున గడ్డపలుగు తీసుకుని హాల్లోకి వచ్చేసరికి అమ్మ తన గదిలోంచి పిలిచింది. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. గది తలుపూ, హాలు అవతల వెనక గుమ్మం తలుపూ బార్లా తెరిచి ఉన్నాయి. ఇన్నాళ్ళూ వసారాలో నా పనంతా ఆ గుమ్మాల్లోంచి చూస్తూనే ఉందన్నమాట. కూర్చోమంది. చెయ్యి చూపించమంది. బండ కింద నలిగిన వేలు నల్లగా కమిలి ఉంది. దాన్ని తన వేళ్ళ మధ్య పట్టుకుని కాసేపు చూసింది.

"ఒరేయ్, నువ్వేసిన గచ్చు మీద నేను అడుగు పెట్టనురా," అంది.

నాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎవరి కోసం చేస్తున్నాను ఇదంతా? నా పనితనం మీద నీకూ నమ్మకం లేదా అని అడిగాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

"పనితనం సంగతి కాదురా," అంది. "మేస్త్రీ వేసిన దాని మీద పడ్డాననుకో, వాడి వంశం ఎత్తి తిట్టుకుంటా. నువ్వేసిన దాని మీద పడితే ఎవర్ని తిట్టుకోవాల? నోరు మూసుకుని పడుండాల్సిందేగా. ఆ తర్వాత నువ్వు కూడు తింటావా?"

నిన్నటి నుంచి నేను కూడు తినడం లేదని ఆవిడకు తెలుసో తెలియదో. గడ్డపలుగు గోడకు ఆనించి ఆ మంచం మీదే కూర్చుండిపోయాను. మొదట నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఒళ్ళంతా తేలికైపోయింది. చెయ్యక్కర్లేదు. ఆ మాట లోపల ఎన్నిసార్లు అనుకున్నానో. చేతకాక మానుకోవడం కాదు, అమ్మ వద్దంది కాబట్టి మానుకోవడం. ఈ మాట టీ కొట్టు దగ్గరే కాదు, ఎక్కడైనా చెప్పుకోవచ్చు. కానీ నిజానికి నాకు ఊరట కలిగింది అందుకు కాదు. పొరపాటున అమ్మ మళ్ళీ పడితే ఆ పడటానికి కారణం నా చెయ్యి కాదు. ఇంత పెద్దవాణ్ణయ్యాను, పిల్లలకు పెళ్ళిళ్ళు చేశాను, అయినా ఆ పూట మా అమ్మ నన్ను ఒక పెద్ద ఆపదలోంచి రెక్క పట్టుకుని బయటకు లాగినట్టే అనిపించింది. ఆకలి వేసింది. వంటింట్లోకి వెళ్ళి రాత్రి మిగిలిన అన్నంలో పచ్చిమిరపకాయ పచ్చడి కలుపుకుని తిన్నాను.

మేస్త్రీని రప్పించింది మా ఆవిడ. ఆవిడ అతనికి ఫోను చెయ్యలేదు, వాళ్ళావిడకు చేసింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మా అత్తగారు, మీ అత్తగారు అన్న మాటలు మాత్రం వినపడ్డాయి. మర్నాడు పొద్దున్నే మేస్త్రీ మా వాకిట్లో ఉన్నాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, అవతల ఎవరికో రేపొస్తానని చెబుతూ బండి దిగాడు.

కింద పని నేనే చేశాను. గచ్చు పగలగొట్టడం, రేగడి తీసెయ్యడం, గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టడం నా వంతు. పైన పరచడం అతని వంతు. అమ్మ దీనికి అడ్డు చెప్పలేదు. కింద సంగతి కనపడదులే అంది. దుమ్ము పడకుండా ఆవిడ మంచం పంచలోకి మార్చాం. అక్కడ కూర్చుని మేస్త్రీ చేసే ప్రతి పనికీ ఏదో ఒకటి అంటూనే ఉంది. సిమెంటు మాలు పలచనైంది అంటుంది, దారం సడలింది అంటుంది. అతను ఆఁ మామ్మా, ఆఁ మామ్మా అంటూ తన పని తను చేసుకుపోయాడు. గొప్ప పనివాడని చెప్పను. రెండుసార్లు కొలత తప్పి బండ వృథా చేశాడు, ఒకరోజు చెప్పకుండా మానేశాడు. కానీ వాటం బాగా ఇచ్చాడు. ఈశాన్యమూ కాదు, నైరుతీ కాదు, నీళ్ళు ఇన్నేళ్ళూ ఏ గుమ్మం దాటి పోయేవో ఆ వీధి గుమ్మం వైపే. అతుకుల మీద నేను దొంగచాటుగా గోరు రాసి చూశాను. రెండు చోట్ల తగిలింది. చెప్పి మిషనుతో అరగదీయించాను. నాకు నిద్ర పట్టింది.

గచ్చు అయిపోయింది, మంచం మళ్ళీ గదిలోకి వచ్చింది, అమ్మ మాత్రం మంచం దిగలేదు. వాకర్ తెచ్చి ముందు పెడితే, ఇంకా పచ్చిగా ఉందిరా, ఆరనీ అనేది. ఆరింది. నల్లగా ఉంటే ఎత్తూపల్లం తెలియడం లేదంది. లైటు మార్చాను. ఇవాళ మంచిరోజు కాదంది. నాకు అర్థమైంది, ఇన్నాళ్ళూ ఆవిడను ఆపింది గచ్చు ఒక్కటే కాదు. ఇల్లంతా తవ్వి పోసి, రాళ్ళు మోసి, ఇంత చేసినా ఆ భయం మంచం మీదే ఉంది. డాక్టరు చెప్పిన మాట పదే పదే గుర్తొచ్చేది. మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం.

ఒక శుక్రవారం మేస్త్రీ తన మిగిలిపోయిన సామాను తీసుకుపోవడానికి వచ్చాడు. మా ఆవిడ అప్పుడే ఇల్లు కడిగి, వీధి గడపకు పసుపు రాసి బొట్లు పెట్టి, నా దగ్గరకు వెనక వసారాలోకి వచ్చింది. ఇద్దరం అక్కడ మిరప నారుకు విత్తనాల గురించి మాట్లాడుకుంటున్నాం. ఇంతలో అమ్మ తిట్లు మొదలయ్యాయి. మేస్త్రీ ఫోనులో మాట్లాడుతూ పసుపు రాసిన గడప మీద కాలు పెట్టి నిలబడ్డాడని తిట్లను బట్టి తెలిసింది. గడప తొక్కడమంటే అమ్మ దృష్టిలో ఇంటి మనిషి నెత్తిన కాలు పెట్టడమే. అతని చెవిలో ఫోను ఉంది, ఈవిడ గోల వినపడి ఉండదు. అమ్మ గొంతు ఇంకా పెద్దదైంది. మేం పట్టించుకోలేదు. ఆవిడ తిట్టడం మాకు కొత్త కాదు.

మాట మధ్యలో మా ఆవిడ ఆగిపోయింది. చెయ్యెత్తి నన్నూ ఆగమంది. నేనూ విన్నాను. అమ్మ గొంతు గదిలోంచి రావడం లేదు. హాల్లోంచి వస్తోంది. ఒక తిట్టు ఫ్యాను కింద, తర్వాతి తిట్టు ఇంకాస్త అవతల, ఆ తర్వాతిది వీధి గుమ్మం దగ్గర.

పరుగెత్తాం. కడిగిన గచ్చు మీద అక్కడక్కడా ఇంకా తేమ ఉంది. అమ్మ వీధి గుమ్మం దగ్గర ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో గడపను చూపిస్తూ మేస్త్రీని కడిగేస్తోంది. చేతుల్లో వాకర్ లేదు. అది గదిలో మంచం పక్కనే ఉంది. మేస్త్రీ ఫోను దించి, గడప దిగి, రెండు చేతులూ జోడించి వింటున్నాడు. అతను కూడా ఆవిడ కాళ్ళ వైపే చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. మా ఆవిడ నా చొక్కా వెనక గట్టిగా పట్టుకుని ఉంది. పడితే పట్టుకోవాలని నేను ముందుకు ఉరకబోతుంటే ఆపడానికో, తనకే ఆసరా కావాలనో తెలియదు.

తిట్లు అయిపోయాయి. అప్పుడు అమ్మ వెనక్కి తిరిగింది. గది గుమ్మందాకా ఉన్న నల్లటి గచ్చునంతా ఒకసారి చూసింది. అంత దూరం తను వచ్చినట్టు అప్పుడే తెలిసినట్టుంది, మొహం ఒక్కసారిగా మారిపోయింది. తలుపు మీద చెయ్యి బిగిసింది. నేను దగ్గరకు వెళ్ళి చెయ్యి అందించాను.

"నువ్వుండరా," అంది.

తలుపు వదిలింది. గోడ మీద అరచెయ్యి ఆనించి ఒక అడుగు వేసింది, ఆగింది, మళ్ళీ ఒక అడుగు వేసింది. ఏ పనీ ఇంకొకరికి వదలని నేను ఆ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. అమ్మ తన మంచం దగ్గరకు తనే వెళ్ళి కూర్చుని, మంచినీళ్ళు తెమ్మని మా ఆవిడను కేకేసింది.